ఫీజు తీసేశాక మిగిలిన భారం: ష్వైన్‌ఫర్ట్‌లో పేదింటి పిల్లల పైచదువు

పేదింటి పిల్లలకు కాలేజీ ఫీజు ప్రభుత్వం కడితే చాలు, చదువు దానంతటదే సాగుతుందన్న నమ్మకం మనకు బాగా అలవాటైంది. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించినప్పటి నుంచి చర్చంతా ఆ బకాయిల చుట్టూనే తిరుగుతోంది. ఆ పథకం ఎన్నో ఇళ్ళలో మొదటి ఇంజనీరును తయారుచేసింది. దాని విలువ నేను తగ్గించడం లేదు. కానీ ఫీజు దాదాపు లేని చోట కూడా కూలివాళ్ళ పిల్లలు వెనకబడే ఉంటే కారణం ఇంకెక్కడో వెతకాలి. అందుకు జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ మంచి ఉదాహరణ.

బవేరియా ఉత్తరాన, మెయిన్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు బాల్ బేరింగులకు పేరుపడింది. ఉక్కు గుళ్ళను ఒకే కొలతకు అరగదీసే యంత్రాన్ని ఫ్రీడ్రిష్ ఫిషర్ 1883లో ఇక్కడే తయారుచేశాడు. 1895లో ఫిష్టెల్ అండ్ సాక్స్ కంపెనీ మొదలైంది. 1943 ఆగస్టు, అక్టోబరు నెలల్లో అమెరికా విమానాలు ఈ ఊరిమీద బాంబులు కురిపించింది కూడా ఆ ఫ్యాక్టరీల కోసమే. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో ఫ్యాక్టరీలు మళ్ళీ లేచాయి గానీ పనివాళ్ళు చాలలేదు. 1955లో ఇటలీతో, 1960లో స్పెయిన్, గ్రీస్‌లతో, 1961లో టర్కీతో ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుని మనుషుల్ని రప్పించింది. వాళ్ళు కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళిపోతారనుకుంది తప్ప, వాళ్ళ పిల్లలు ఇక్కడే బడికి వెళ్తారని ఆలోచించలేదు.

ఆ పిల్లలు ఎదుర్కొన్న బడి ఎలాంటిది? బవేరియాలో నేటికీ నాలుగో తరగతిలోనే దారులు చీలిపోతాయి. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అనే మూడు సబ్జెక్టుల సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటేనే విశ్వవిద్యాలయానికి తీసుకెళ్ళే గిమ్నాజియంకు నేరుగా అర్హత. అక్కడ 1 అంటే ఉత్తమం, 6 అంటే తప్పినట్టు. 2.66 వరకు మధ్యస్థాయి బడి అయిన రియల్‌షూలె, ఆపైన వృత్తి విద్య వైపు నడిపే మిట్టెల్‌షూలె. పదేళ్ళ పిల్లవాడి చేతిలో పెట్టే ఆ కాగితంలో వాడి తెలివి ఎంత కనబడుతుందో, ఇంట్లో జర్మన్‌లో హోంవర్క్ చెప్పగలిగిన మనిషి ఉన్నదీ లేనిదీ కూడా అంతే కనబడుతుంది. జర్మన్ ఉన్నత విద్యా పరిశోధన సంస్థ 2018లో వెల్లడించిన లెక్క ప్రకారం, తల్లిదండ్రుల్లో డిగ్రీ చదివినవాళ్ళున్న వందమంది పిల్లల్లో 79 మంది ఉన్నత విద్యలో చేరుతుంటే, లేని ఇళ్ళ నుంచి చేరేది 27 మందే. ట్యూషన్ ఫీజు లేని దేశంలో ఇంత తేడా ఉంది.

ఈ తేడా విధిరాత కాదనడానికి స్పెయిన్ నుంచి వచ్చిన కార్మికుల చరిత్రే సాక్ష్యం. జర్మనీలోని ఎన్నో ఊళ్ళలో వాళ్ళు తల్లిదండ్రుల సంఘాలు పెట్టుకుని, 1973లో వాటన్నిటినీ ఒక సమాఖ్యగా కలిపారు. బవేరియాలాంటి రాష్ట్రాలు విదేశీ పిల్లలకు మాతృభాషలో వేరే తరగతులు నడుపుతుంటే, మా పిల్లలు జర్మన్ పిల్లలతో కలిసే కూర్చోవాలని, స్పానిష్ బడి తర్వాత నేర్పాలని వీళ్ళు పట్టుబట్టారు. సాయంత్రాలు హోంవర్క్ సాయం, తల్లిదండ్రులకు బడి పద్ధతులు వివరించే సమావేశాలు సొంతంగా ఏర్పాటు చేసుకున్నారు. ఒక తరం తిరిగేసరికి వలస కార్మికుల పిల్లల్లో స్పానిష్ పిల్లలు చదువులో ముందువరసకు వచ్చారు. వాళ్ళ సంఖ్య తక్కువ కాబట్టి సులువైందని కొందరంటారు. అయితే ఇటలీ నుంచి వచ్చినవాళ్ళూ అలాంటి పల్లె పేదలే, పైగా యూరోపియన్ సముదాయ పౌరులుగా వాళ్ళకు హక్కులు ముందే దక్కాయి. అయినా వాళ్ళ పిల్లల ఫలితాలు చాలాకాలం అట్టడుగునే ఉండిపోయాయి. తేడా తెచ్చింది తల్లిదండ్రుల సంఘటిత శక్తే.

ప్రభుత్వం వైపు నుంచి పెద్ద మలుపు 1971. ఆ ఏడాది ఆగస్టులో వ్యూర్జ్‌బర్గ్, ష్వైన్‌ఫర్ట్ పాలిటెక్నిక్‌ను మరికొన్ని వృత్తి విద్యాసంస్థలతో కలిపి ఫాఖ్‌హోఖ్‌షూలె అనే అనువర్తిత ఉన్నత విద్యాసంస్థను ఏర్పాటు చేశారు. 2023 నుంచి దాని పేరు సాంకేతిక హోఖ్‌షూలె. గిమ్నాజియం మెట్టెక్కనివాళ్ళు కూడా రియల్‌షూలె తర్వాత రెండేళ్ళ ఫాఖ్‌ఓబర్‌షూలె చదివి ఇందులో చేరవచ్చు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ తెరిచే రెండో తలుపుకు ఇక్కడ దగ్గరగా వచ్చేది ఇదే. అదే ఏడాది సెప్టెంబరులో బాఫోగ్ చట్టం అమల్లోకి వచ్చింది. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి విద్యార్థి బతుకు ఖర్చుకు నెలనెలా డబ్బిచ్చే చట్టం అది. తొలి ఏళ్ళలో విద్యార్థుల్లో నూటికి 40 మందికి పైగా దాన్ని అందుకున్నారు. 1983లో మొత్తం సాయాన్ని అప్పుగా మార్చేశారు. 1990లో సగం గ్రాంటు, సగం అప్పుగా దిద్దారు. ఇప్పుడు అందుకుంటున్నవాళ్ళు నూటికి 15 మందికన్నా తక్కువే. ఫీజు మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం జనం గట్టిగా కదిలారు. 2007లో బవేరియా ప్రవేశపెట్టిన సెమిస్టరు ఫీజుకు వ్యతిరేకంగా 2013 జనవరిలో ఓటర్లలో నూటికి 14 మంది సంతకాలు చేయడంతో శాసనసభ దాన్ని రద్దు చేసింది. బాఫోగ్ చిక్కిపోతున్నందుకు అలాంటి ఉద్యమం రాలేదు. ఫీజు అందరికీ తగులుతుంది, బతుకు ఖర్చు పేదవాడికే తగులుతుంది.

కార్మికుడి కొడుకు ఇక్కడి బేరింగ్ కంపెనీలైన ఎస్‌కేఎఫ్‌లోనో షెఫ్లర్‌లోనో జీతంతో పని నేర్చుకుని నైపుణ్యం గల ఉద్యోగి అవుతుంటే, డిగ్రీ వైపు లాగడమెందుకని మరో వాదన. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. జర్మనీ అప్రెంటిస్ పద్ధతి గౌరవమైనదే, మన ఐటీఐలకన్నా అది ఎన్నో రెట్లు మెరుగు. కానీ డాక్టరు గారి అబ్బాయి ఇష్టపడి చేరడం, కార్మికుడి కొడుకు మరో దారి లేక చేరడం సమానం కాదు. నైపుణ్య పరీక్ష నెగ్గి మైస్టర్ అయినవాళ్ళకు 2009లో విశ్వవిద్యాలయ ప్రవేశం ఇవ్వడంలోనే ఈ అన్యాయం ఒప్పుకోలు ఉంది.

యుద్ధం తర్వాత ఇక్కడే మకాం వేసిన అమెరికా సైన్యం 2014లో ష్వైన్‌ఫర్ట్ వదిలి వెళ్ళాక, వాళ్ళ లెడ్‌వర్డ్ బ్యారెక్స్ స్థలంలో హోఖ్‌షూలె అంతర్జాతీయ క్యాంపస్ వెలిసింది. ఒకే కోర్సును జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ నడిపే పద్ధతి కూడా 2014లోనే మొదలైంది. ఇక్కడికి వచ్చే మన పిల్లలు ఎక్కువగా చేరేది ఇలాంటి ఇంగ్లీషు కోర్సుల్లోనే. ట్యూషన్ ఫీజు లేదన్న ఆకర్షణతో బయల్దేరేవాళ్ళు వీసా కోసం 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్‌డ్ ఖాతాలో 11,904 యూరోలు చూపాలి. పది లక్షల రూపాయలు దాటే ఆ మొత్తం చాలా ఇళ్ళలో పొలం తాకట్టు మీద తెచ్చిన అప్పు. అందులోంచి నెలకు 992 యూరోలే చేతికొస్తాయి. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళకు సాధారణంగా బాఫోగ్ వర్తించదు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు గానీ, జర్మన్ రానివాడికి దొరికేది గోదాములో రాత్రి షిఫ్టు, దాని దెబ్బ పడేది పొద్దున క్లాసు మీద. ఇలాంటప్పుడు దారి తెలిసినవాళ్ళ తోడు కావాలి. డిగ్రీ లేని ఇళ్ళ నుంచి వచ్చే జర్మన్ పిల్లలకు దారి చూపేందుకు కాత్యా ఉర్‌బాట్ష్ 2008లో ఆర్బైటర్‌కిండ్ సంస్థను మొదలుపెట్టారు. సంఘంగా తోడు నిలిస్తే ఏం సాధించవచ్చో స్పానిష్ తల్లిదండ్రులు అంతకుముందే చేసి చూపించారు. మన తెలుగు సంఘాలు ఉగాది వేడుకలకు పెట్టే శ్రద్ధలో కొంత, బయల్దేరే ముందే బీ1 స్థాయి జర్మన్ నేర్పించడానికి, మొదటి సెమిస్టరులో ఒక సీనియరును తోడివ్వడానికి పెడితే, పొలం తాకట్టు పెట్టి వచ్చిన పిల్లలు చదువు మధ్యలో వదలకుండా ఉంటారు.