బయోచార్: తయారీ, ఉపయోగాలు, తెలుగు నేలలో చరిత్ర

పంట వ్యర్థాలు, కట్టెపుల్లలు, గింజల పెంకులు వంటివాటిని గాలి సరిగా ఆడకుండా కాల్చితే మిగిలే బొగ్గును, పొయ్యిలోకి కాక పొలంలోకి వాడినప్పుడు, బయోచార్ అంటారు. దీనివల్ల రెండు ప్రయోజనాలు ఉన్నాయి. నేల నీటినీ పోషకాలనూ పట్టి ఉంచుకోగలుగుతుంది. మొక్క గాలిలోంచి తీసుకున్న కర్బనం మళ్ళీ గాలిలో కలవకుండా చాలాకాలం మట్టిలోనే ఉండిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో దీని మీద పరిశోధనకు హైదరాబాదు కేంద్రం. తయారీకి కావలసిన సరుకు మాత్రం పలాస జీడితోటల నుంచి ఆదిలాబాదు పత్తిచేల దాకా అంతటా దొరుకుతుంది. విశాఖపట్నం శివారు రుషికొండ నుంచి భీమునిపట్నం వైపు సాగే ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలలు దీనితో బాగుపడగల కోవలోవి.

బూడిద, బొగ్గు

కట్టెను ఆరుబయట తగలబెడితే అందులోని కర్బనం దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్‌గా మారి పోతుంది. పొటాష్, సున్నం వంటి ఖనిజాలున్న పిడికెడు బూడిద మిగులుతుంది. అదే కట్టెకు గాలి అందకుండా చేసి 350 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడి తగలనిస్తే, మొదట తేమ, ఆపైన మండే వాయువులు, తారు ఆవిర్లు బయటికి వచ్చి, చివరకు బొగ్గు నిలుస్తుంది. ఈ ప్రక్రియ పేరు పైరాలిసిస్. ఎండిన సరుకు బరువులో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బొగ్గు వస్తుంది. మొక్కలో ఉన్న కర్బనంలో సగం వరకు అందులోనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ బొగ్గు తూకం తగ్గుతుంది కానీ సూక్ష్మరంధ్రాలు, మన్నిక పెరుగుతాయి. ఉంగరాలుగా అల్లుకుపోయిన ఈ కర్బన నిర్మాణాన్ని సూక్ష్మజీవులు తేలిగ్గా విడదీయలేవు. అందుకే పచ్చిరొట్ట ఎరువు ఒకటి రెండు పంటకాలాల్లో కరిగిపోయే చోట బొగ్గు వందల ఏళ్ళు ఉంటుంది.

ప్రపంచ చరిత్ర

బయోచార్ చరిత్రకు ఆధారం అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతంలోని నల్లమట్టి. అక్కడి నేలలు సహజంగా నిస్సారమైనవి. వాటి మధ్యే అక్కడక్కడా లోతైన సారవంతమైన నల్లనేలలు కనబడతాయి. పోర్చుగీసులో వీటి పేరు టెర్రా ప్రేటా. అమెరికా పరిశోధకుడు హెర్బర్ట్ స్మిత్ 1879లోనే వీటి గురించి రాశాడు. డచ్ మృత్తికా శాస్త్రవేత్త విమ్ సోంబ్రోక్ 1966లో వెలువరించిన అమెజాన్ నేలల గ్రంథం తర్వాత వీటి మీద అధ్యయనం ఊపందుకుంది. యూరోపియన్లు రాకముందు అక్కడ నివసించిన జనం బొగ్గును, ఎముకలను, కుండపెంకులను, ఇంటి చెత్తను తరతరాలుగా మట్టిలో కలపడం వల్ల ఈ నేలలు ఏర్పడ్డాయని తేలింది. జపాన్‌లోనూ ఇలాంటి వాడుక ఉంది. 1697 నాటి జపాన్ వ్యవసాయ గ్రంథం ఒకటి కాల్చిన ఊకను మలమూత్రాలతో కలిపి ఎరువు చేసే పద్ధతిని వివరించింది.

బయోచార్ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది 2000ల మధ్యలో. అంతర్జాతీయ బయోచార్ ఇనిషియేటివ్ 2006లో ఏర్పడింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన యోహానెస్ లేమన్, ఆస్ట్రేలియాకు చెందిన స్టీఫెన్ జోసెఫ్ సంపాదకత్వంలో 2009లో వచ్చిన గ్రంథం ఈ రంగానికి పునాది వేసింది. 2018లో వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం తన 1.5 డిగ్రీల ప్రత్యేక నివేదికలో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించే మార్గాల్లో బయోచార్‌ను చేర్చింది.

తెలుగు నేలలో

తెలుగువారికి కట్టెబొగ్గు కొత్త కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం మూసల్లో తయారైన ఉక్కు దేశాంతరాలకు ఎగుమతి అయిన కాలంలో ఆ కొలుములను మండించింది కట్టెబొగ్గే. కంసాలి కుంపటి, చాకలి ఇస్త్రీపెట్టె, కమ్మరి కొలిమి కూడా దాని మీదే నడిచాయి. కోస్తాలో సరుగుడు, మెట్టప్రాంతాల్లో సర్కారు తుమ్మ బొగ్గుబట్టీలకు ఆధారమయ్యాయి. ఈ బొగ్గంతా చివరికి కాలిపోయేదే. పొలానికి చేరింది పొయ్యి బూడిదతో పాటు పెంటదిబ్బలో పడిన కాసిన్ని బొగ్గుముక్కలు మాత్రమే. తూర్పు కనుమల్లో గిరిజనులు చేసే పోడులోనూ నేలకు ఎక్కువగా దక్కేది బూడిదే. దాని బలం కొద్ది పంటలకే సరిపోతుంది.

బొగ్గును ఉద్దేశపూర్వకంగా నేలకు అందించే ప్రయత్నాలు 2000ల చివర్లో మొదలయ్యాయి. హైదరాబాదులోని జియోఎకాలజీ ఎనర్జీ ఆర్గనైజేషన్ స్థాపకుడు ఎన్. సాయిభాస్కర్ రెడ్డి వంట చేస్తూనే బొగ్గు మిగిల్చే పొయ్యిలను రూపొందించి, ఆ నమూనాలను ఎవరైనా వాడుకునేలా అందరి ముందూ ఉంచారు. అప్పటి వరంగల్ జిల్లా పెద్దమడూరులో రైతులతో కలిసి బయోచార్ వాడకాన్ని పరీక్షించారు. వంటింట్లో పొగ తగ్గించడం, చేనుకు బొగ్గు అందించడం ఒకే పనిలో సాధ్యమని చూపడం ఈ కృషిలోని ప్రత్యేకత.

హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రిడా, 1985లో ఏర్పడింది. వాతావరణ మార్పులను తట్టుకునే వ్యవసాయం కోసం 2011లో మొదలైన నిక్రా అనే జాతీయ పథకానికి నాయకత్వం వహించింది కూడా ఈ సంస్థే. పత్తి కట్టె, కంది కట్టె, మొక్కజొన్న కట్టె, ఆముదం కట్టె వంటి మెట్టపంటల వ్యర్థాలతో క్రిడా శాస్త్రవేత్తలు బయోచార్ తయారు చేసి, దాని గుణాలను, వర్షాధార పంటలపై ప్రభావాన్ని అధ్యయనం చేశారు. 2013లో ఈ విషయంపై ఒక ప్రచురణ వెలువరించారు.

డ్రమ్ము బట్టీ

క్రిడా రూపొందించిన బట్టీకి కావలసింది పాత నూనెడ్రమ్ము. 200 లీటర్ల డ్రమ్ము పైభాగంలో చదరపు రంధ్రం కోస్తారు, సరుకు వేయడానికి. అడుగున గాలి రావడానికి వలయాలుగా చిన్న రంధ్రాలు పెడతారు. డ్రమ్మును మూడు రాళ్ళ మీద నిలిపి, ఎండిన కట్టెను ముక్కలు చేసి నింపి అంటిస్తారు. మొదట చిక్కటి తెల్లపొగ లేస్తుంది. అది తేమ పోతున్నదనడానికి గుర్తు. పొగ పలచబడి నీలిరంగుకు తిరిగితే బొగ్గు సిద్ధమైనట్టు. ఆ క్షణాన పైరంధ్రానికి మూతపెట్టి అంచులకు బంకమట్టి మెత్తుతారు. డ్రమ్మును రాళ్ళ మీద నుంచి దింపి, చదునైన నేల మీద ఉంచి, అడుగు అంచు చుట్టూ మట్టి ఎగదోస్తారు. ఎక్కడ సందు మిగిలినా గాలి దూరి బొగ్గు బూడిదవుతుంది. పూర్తిగా చల్లారాకే తెరవాలి.

ఈ బట్టీని ఇద్దరు మనుషులు మోసుకుపోవచ్చు. పత్తికట్టె తేలిక, కానీ లోడుకు చోటు ఎక్కువ తీసుకుంటుంది. బట్టీ దగ్గరకు కట్టెను తోలడం కంటే చేను దగ్గరకు బట్టీని తేవడమే చౌక. పత్తికట్టెను ఇలా బొగ్గు చేస్తే గులాబీ రంగు పురుగుకు దాగే చోటు కూడా పోతుంది.

ఇంకొక పద్ధతి కోన్‌టికీ. స్విట్జర్లాండులోని ఇథాకా సంస్థలో 2014లో రూపుదిద్దుకుంది. గరాటు ఆకారపు తొట్టిలో పైన మంట ఆరకుండా పొరలు పొరలుగా కట్టె వేస్తూ పోతారు. పైనున్న మంట గాలిని తానే వాడుకోవడం వల్ల కింది పొరలు బొగ్గుగా నిలుస్తాయి. అదే ఆకారంలో పొలంలో గొయ్యి తవ్వినా పని జరుగుతుంది.

ఉపయోగాలు

బయోచార్‌ను నేరుగా చల్లితే అది మట్టిలోని నత్రజనిని తనలోకి లాక్కొని మొదటి పంటను కొంత మందగింపజేయవచ్చు. అందువల్ల దాన్ని పశువుల ఎరువుతో మాగబెట్టి గానీ, పేడనీళ్ళలో, జీవామృతంలో నానబెట్టి గానీ వేయడం మేలు. ఉష్ణమండల నేలల్లో దీనితో సగటున సుమారు 25 శాతం దిగుబడి పెరిగిందని, సమశీతోష్ణ దేశాల్లో చెప్పుకోదగ్గ లాభం లేదని 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ విశ్లేషణ తేల్చింది. ఆమ్లగుణం, తక్కువ కర్బనం, ఇసుకపాలు ఉన్న నేలలకే ఇది ఎక్కువగా పనికొస్తుంది. సాధారణంగా బయోచార్‌కు క్షారగుణం ఉంటుంది కాబట్టి, ఇప్పటికే క్షారం ఎక్కువున్న నల్లరేగడి చేలల్లో నేలపరీక్ష చేయించాకే వేయాలి.

కోళ్ళఫారాల్లో అమ్మోనియా వాసన తగ్గించడానికి, మురుగునీటి వడపోతకు కూడా దీన్ని వాడుతున్నారు. మట్టిలో నిలిచే టన్ను కర్బనం 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం కాబట్టి కార్బన్ క్రెడిట్ల మార్కెట్లోనూ దీనికి విలువ వచ్చింది.

రుషికొండ, విశాఖ పరిసరాలు

గాలి లేకుండా కాల్చే విద్య విశాఖలో భారీ స్థాయిలో ఉంది. రుషికొండకు ఎదురు దిక్కున, నగరం ఆవలి అంచున ఉన్న ఉక్కు కర్మాగారంలోని కోక్ బ్యాటరీలు నేలబొగ్గును వెయ్యి డిగ్రీలకు పైబడి గాలి తగలకుండా వేడిచేసి కోక్ చేస్తాయి. అక్కడ ముడిసరుకు కోట్ల ఏళ్ళనాటి ఖనిజం. బయోచార్‌కు ముడిసరుకు నిన్నటి పంట. ఉక్కు తయారీలో నేలబొగ్గుకు బదులు కొంతమేర బయోచార్ వాడే అవకాశాన్ని పరిశీలించడానికి కేంద్ర ఉక్కు మంత్రిత్వశాఖ 2024లో ఒక కార్యదళాన్ని నియమించింది.

ఈ ప్రాంతపు సరుకు రకరకాలు. తీరం వెంట సరుగుడు కొమ్మలు, కొబ్బరి చిప్పలు, తాటిమట్టలు, మిల్లుల ఊక, జీడిపిక్కల తొక్కలు, అనకాపల్లి వైపు చెరకు ఆకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను రుషికొండ, కంబాలకొండ పరిసరాల్లో లెక్కలేనన్ని చెట్లను పడగొట్టింది. అలా కూలిన కొమ్మలను కుళ్ళనిచ్చినా, తగలబెట్టినా వాటి కర్బనం గాలిలోకే వెళుతుంది. బొగ్గు చేస్తే కొంతైనా నేలలో నిలుస్తుంది.

పరిమితులు, జాగ్రత్తలు

మంట సరిగా నిలవని బట్టీ నుంచి మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ వెలువడి మేలుకు మించిన కీడు జరగవచ్చు. తడికట్టె వాడకూడదు. మూసిన గదిలో బట్టీ పెట్టకూడదు. రంగు వేసిన చెక్కను, ప్లాస్టిక్ కలిసిన చెత్తను దీనికి దూరంగా ఉంచాలి. పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా తడిపి చల్లాలి. పశువులు మేసే చొప్పను, పేదల పొయ్యిలోకి పోయే కంపను బొగ్గు చేయడం తగదు. బయోచార్ కోసం పచ్చని చెట్టు నరికితే దాని ఉద్దేశమే దెబ్బతింటుంది. చేలగట్ల మీద ఏటా ఊరికే తగలబడే కట్టె చాలినంత ఉంది. మొదట కాపాడవలసింది దాన్ని.