మెదడు అలల వెనుక సి.ఆర్.రావు సిద్ధాంతం

1940. యుద్ధం నడుస్తోంది. విశాఖలో ఎమ్మే లెక్కలు మొదటి స్థానంలో ప్యాసైన ఇరవయ్యేళ్ల కుర్రాడు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా రైలెక్కాడు. సైన్యం సర్వే విభాగానికి లెక్కలు తెలిసిన మనిషి కావాలట. ఇంటర్వ్యూకి వెళ్లాడు గానీ ఉద్యోగం రాలేదు. దిగిన హోటల్లో మరో దక్షిణాది యువకుడు పరిచయమయ్యాడు. అతను బొంబాయి నుంచి వచ్చి, మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. అదేమిటో చూద్దామని మన కుర్రాడు కూడా అక్కడికి వెళ్లాడు. ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలో నడుస్తున్న చిన్న సంస్థ అది. 1941 జనవరి 1న అందులో చేరి, దాదాపు నలభయ్యేళ్లు అక్కడే పనిచేశాడు.

ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు. పదిమంది సంతానంలో ఎనిమిదోవాడు గనుక కృష్ణుడి పేరు పెట్టారు. పోలీసు ఇన్‌స్పెక్టరైన తండ్రి బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ బళ్లలో చదివారు. చివరి రెండూ అప్పటి కృష్ణా జిల్లాలోవే. తెల్లవారుజామున నాలుగింటికే లేపి దీపం వెలిగించి చదివించిన తల్లి లక్ష్మీకాంతమ్మను ఆయన జీవితాంతం తలుచుకున్నారు.

1945లో వెలువడిన ఆయన వ్యాసం, అందులోని క్రేమర్–రావు హద్దు స్టాటిస్టిక్స్ విద్యార్థులందరికీ తెలుసు. నేను చెప్పబోయేది అంతగా వినిపించని పని గురించి.

గుడివాడలో ఒక పెళ్లిపందిరి. సన్నాయి, డోలు కలిసి మోగుతున్నాయి. రెండు మూలల్లో రెండు మైకులు. ఒకదానిలో సన్నాయి ఎక్కువ, మరోదానిలో డోలు ఎక్కువ, కానీ రెండింటిలోనూ రెండూ ఉన్నాయి. వాయిద్యాలు ఎక్కడున్నాయో తెలియదు. ఆ రికార్డుల నుంచే సన్నాయిని, డోలును విడదీయగలమా?

రెండు రికార్డుల మధ్య సహసంబంధాన్ని తొలగిస్తే చాలుననిపిస్తుంది. అది సగం పనే. మూల సంకేతాలు గంట ఆకారపు నార్మల్ విభజనవే అయితే, సహసంబంధం పోయాక బిందువులన్నీ గుండ్రటి గుంపుగా మిగులుతాయి. దాన్ని ఎటు తిప్పినా ఒకేలా కనిపిస్తుంది. అసలు దిక్కు ఏదో చెప్పే ఆనవాలే ఉండదు. రావు 1966లో ‘సంఖ్య’ పత్రికలో, 1969లో ఒక అమెరికా పత్రికలో దీని రెండో వైపు నిరూపించారు. మూలాలు పరస్పరం స్వతంత్రమై, వాటిలో ఏదీ నార్మల్ కాకపోతే, అవి కలిసిన తీరు ఒక్కటే అయి తీరాలి. వరుస, పరిమాణం మాత్రమే తేలవు. లెనిన్‌గ్రాడ్ గణితజ్ఞులు కాగన్, లిన్నిక్‌లతో కలిసి రావు రాసిన గ్రంథం 1972లో రష్యన్‌లో, మరుసటి ఏడాది ఇంగ్లీషులో వచ్చింది. అందులో మెదడు ప్రస్తావన లేదు. ఉన్నది శుద్ధ గణితం.

దాని అవసరం వైద్యానికి తర్వాత తెలిసింది. మనిషి మెదడు అలలను జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి నమోదు చేశారు. ఆ నమోదునే ఈఈజీ అంటారు. తల మీద చిక్కేది మైక్రోవోల్టుల సంకేతం. కన్ను ఆర్పితే అంతకు ఎన్నో రెట్ల అల లేస్తుంది. పళ్లు బిగిస్తే దవడ కండరాలు, పక్కన తీగలుంటే 50 హెర్ట్‌జ్ కరెంటు హోరు కూడా వచ్చి కలుస్తాయి. బందరులో మూర్ఛకు ఈఈజీ తీయించుకున్న మనిషి కాగితంలోనైనా మెదడు, కన్ను, కండరం కలిసే ఉంటాయి. కన్నార్పిన ముక్కలన్నీ కోసి పారేస్తే, వాటితో పాటు మెదడు సమాచారమూ పోతుంది. పసిపిల్లలకు కన్ను ఆర్పొద్దని ఎవరు చెప్పగలరు?

1994లో ఫ్రాన్స్‌లో పియరీ కొమోన్ ఈ విడదీతకు స్పష్టమైన రూపమిచ్చారు. 1995లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో బెల్, సెజ్నోస్కీ కంప్యూటరు చేయగల సూత్రం కట్టారు. స్కాట్ మాకీగ్ బృందం దాన్ని ఈఈజీకి అన్వయించింది. కన్నార్పు అరుదుగా వచ్చే పదునైన ఎత్తు, కరెంటు హోరు నిరంతర ఊపు. రెండూ నార్మల్‌కు దూరం. సంకేతాలు కలిసేకొద్దీ గంట ఆకారానికి దగ్గరవుతాయి గనుక, దానికి అత్యంత దూరమైన దిక్కులు వెతకడం విడదీతకు ఒక దారి. ఈ ఇంజినీర్లు తమ దారిన తాము వచ్చారు. ఆ దారి ఎందుకు తప్పదో మాత్రం రావు ముందే నిరూపించి ఉంచారు. 2004లో ఫిన్లండ్ పరిశోధకులు ఈ పద్ధతి హద్దులను తేల్చినప్పుడు ఆధారం చేసుకున్నది కాగన్–లిన్నిక్–రావు ఫలితాలనే.

ఇది మంత్రం కాదు. ఎలక్ట్రోడ్ల సంఖ్యకు మించి మూలాలను వేరుచేయలేదు. విడిపోయిన వాటిలో ఏది కన్ను, ఏది మూర్ఛ అలో చెప్పాల్సింది అనుభవమున్న డాక్టరే.

రావు 2023 ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఏడాది అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయనకు దక్కింది. బందరు, గుడివాడ, అవనిగడ్డ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టార్లకు నాదొక మనవి. ఈ విడదీత చేసే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈఈజీ రికార్డులూ ఉచితంగా దొరుకుతున్నాయి. క్రేమర్–రావు హద్దు చెప్పిన మర్నాడే పిల్లల చేత ఒక కన్నార్పును విడదీయించండి.