1983 అనే గీత : దస్తావేజుల నకళ్ళు చేతిరాత నుంచి కంప్యూటరుకు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు వ్రాయాలని కార్యదర్శిగారు కోరారు. నేను 35 ఏళ్ళు ఉప్పు తిన్నది రిజిస్ట్రేషన్ శాఖది. 1974లో గుమాస్తాగా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. చేతిరాత కాలమూ చూశాను, కంప్యూటరు కాలమూ చూశాను. ఆ రెండింటి మధ్య ఒక గీత ఉన్నది. దాని పేరు 1983. ఇల్లో పొలమో ఉన్న ప్రతి పెన్షనరుకూ, వారి పిల్లలకూ ఎప్పుడో ఒకప్పుడు ఆ గీతతో పని పడుతుంది. కనుక కాస్త ఓపికపట్టి చదవవలసిందిగా మనవి.

దస్తావేజును సర్కారు పుస్తకంలోకి ఎక్కించి భద్రపరచే పద్ధతి దేశమంతటికీ 1864 నాటి చట్టంతో మొదలైంది. దానిని పలుమార్లు తిరగవ్రాసి, చివరకు 1908లో చేసిన చట్టాన్నే నేటికీ వాడుతున్నాం. ఆ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులకు 1వ పుస్తకం, రిజిస్టరు చేయ నిరాకరించిన కారణాలకు 2వది, వీలునామాలకు 3వది, తక్కినవాటికి 4వది. జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రంగా దాచుకొనే వీలునామాల కోసం 5వ పుస్తకం వేరుగా ఉంటుంది. మాకు ఊపిరి ఆడనివ్వనిది మాత్రం 1వ పుస్తకమే.

ఈనాటి పిల్లలకు ఆ పని ఎలా ఉండేదో చెప్పాలి. వ్రాయించి ఇచ్చినవారు సబ్ రిజిస్ట్రారు ఎదుట ఒప్పుకొని, సంతకమో నిశానీయో పెట్టి, వేలిముద్రల పుస్తకంలో బొటనవేలు అద్ది వెళ్ళిపోయేవారు. ఆ తరువాత దస్తావేజు మా బల్లమీదికి వచ్చేది. దానిలోని ప్రతి అక్షరాన్నీ వాల్యూములో సిరాతో దించాలి. అసలులో తప్పుంటే ఆ తప్పుతో సహా దించాలి, దిద్దడానికి మనమెవరం? కొట్టివేతలు, పంక్తుల మధ్య చేర్పులు ఎక్కడెక్కడ ఉన్నవో చివర విడిగా చూపాలి. నకలు అయిన తరువాత ఒకరు పైకి చదువుతుంటే మరొకరు వాల్యూములో వేలుపెట్టి సరిచూసేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ చదువు వింటుంటే ఎంతటివాడికైనా కునుకు పట్టేది. ‘తూర్పు – ఫలానావారి దొడ్డి, దక్షిణం – రాజబాట, పడమర – పంటకాలువ’ అన్న పాఠం నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుందని మా ఇంటావిడ ఎగతాళి చేస్తుంది.

ఇదంతా ముగిశాక దస్తావేజు వెనుక పుస్తకం, వాల్యూము, పుటల సంఖ్యలు వేసి, సబ్ రిజిస్ట్రారు సంతకంతో తిరిగి ఇచ్చేవారు. పని పేరుకుపోయిన ఆఫీసుల్లో కక్షిదారు నెలల తరబడి తిరిగేవాడు. వాల్యూము ఎక్కిన ప్రతి దస్తావేజుకూ పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తుల ఇండెక్సు ఒకటి వ్రాయాలి. ఎవరైనా ఈసీ అడిగితే, అంటే ఆస్తిమీద తనఖాలు, అమ్మకాలు ఏమున్నవో చెప్పే సర్టిఫికెట్టు అడిగితే, ఆ ఇండెక్సులను ఏడాది తరువాత ఏడాది తిరగవేయాలి. 30 ఏళ్ళ సెర్చి అంటే 30 ఏళ్ళ దుమ్ము.

1996లో ఈ పనిని కంప్యూటరుకు ఎక్కించే పథకం మొదలైంది. దానికి ‘కార్డు’ అని పేరు పెట్టారు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో ఒక్కసారిగా ప్రారంభించారు. మాలో కొందరికి ఉద్యోగాలు పోతాయన్న బెంగ, దస్తావేజు లేఖరులకు గిరాకీ పోతుందన్న బెంగ. ఏదీ పోలేదు. పోయింది మా చేతిరాత. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికి వస్తుంటే జనం నమ్మలేకపోయారు. మార్కెట్టు విలువ ఎంతో, స్టాంపు ఎంతో యంత్రమే లెక్కకట్టడంతో గుమాస్తా దగ్గర బేరానికి చోటు తగ్గింది. ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

అయితే యంత్రానికి పాత సంగతులు ఎవరు చెప్పాలి? వెనుకటి 15 ఏళ్ళ ఇండెక్సులను టైపుచేయించి ఎక్కించారు. 1998 నుంచి వెనక్కి లెక్కించుకోండి, 1983 వస్తుంది. నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కంప్యూటరు ఈసీ 1983 జనవరి 1 నుంచే వస్తుంది. అంతకు ముందరిది కావాలంటే ఆఫీసుకు వెళ్ళి, దరఖాస్తు పెట్టి, చేతిరాత ఇండెక్సులు వెతికించుకోవాలి. ఈ సంగతి చదువుకున్నవారిలో కూడా చాలామందికి తెలియదు. ‘నిల్’ అని వచ్చిన కాగితం చూసి ఆస్తి పుట్టినప్పటి నుంచీ నిష్కళంకమని అనుకుంటారు.

మా బంధువర్గంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 2016లో స్వగ్రామం దగ్గర 5 సెంట్ల స్థలం కొనబోయారు. అమ్మేవారి తండ్రి పేర 1958 నాటి క్రయదస్తావేజు ఉన్నది. కంప్యూటరు ఈసీలో ఏమీ లేదు. మరునాడు బయానా ఇవ్వాలి. నాకు ఆ మధ్యకాలం మనసులో గుచ్చుకున్నది. పాత ఇండెక్సులకు దరఖాస్తు పెట్టించాను. 1971 ఇండెక్సులో దొరికింది. ఆ తండ్రే ఆ స్థలాన్ని తన కూతురికి పసుపు కుంకుమల క్రింద దానపత్రం వ్రాసి ఇచ్చాడు. ఆమె కర్ణాటకలో కొడుకు దగ్గర ఉన్నది. తమ్ముడికి ఆ సంగతి తెలియదో, తెలిసీ ఊరుకున్నాడో నేను చెప్పలేను. చివరకు ఆమెనే పిలిపించి, ఆమె సంతకంతోనే మా బంధువు ఆ స్థలం కొన్నారు. సొమ్ము ఆమెకు చేరింది. కంప్యూటరు కాగితం అబద్ధం చెప్పలేదు సుమా! అడిగిన ఏళ్ళకు మాత్రమే జవాబు చెప్పింది.

1983 తరువాతివైనా అంతా సక్రమమని అనుకోవద్దు. టైపుచేసినవారు అనేకచోట్ల కుర్రవాళ్ళు. వెంకట, వేంకట, వెంకట్ – మనకు ముగ్గురూ ఒకరే, యంత్రానికి ముగ్గురు. సర్వే నెంబరు ఒకచోట 112/2ఎ, ఇంకొకచోట 112-2. గుమాస్తా అయితే కన్ను పక్క పంక్తిమీద కూడా పడుతుంది, యంత్రం అడిగినదే వెతుకుతుంది. అందుకని ఈసీకి దరఖాస్తు చేసేటప్పుడు పేరు, సర్వే నెంబరు రెండు మూడు విధాల ఇచ్చి చూడటం మంచిది.

ఇక చట్టం సంగతి. 1908లో చట్టం చేసినవారు సిరా, కాగితం, బైండు పుస్తకం తప్ప మరేమీ ఊహించలేదు. రిజిస్టరు పుస్తకాలను కంప్యూటరులో ఉంచుకోవచ్చునని కేంద్రం 2001లో 16ఎ అనే సెక్షను చేర్చింది. ఆ సెక్షనులో ‘ఫ్లాపీలు, డిస్కెట్లు’ అని వ్రాశారు. ఇప్పటి పిల్లవాడికి ఫ్లాపీ చూపిస్తే అదేమిటని అడుగుతాడు. 1908 నాటి ‘పుస్తకం’ అన్న మాట ఇంకా నిలిచే ఉన్నది, 2001 నాటి ‘ఫ్లాపీ’ పాతికేళ్ళు కాకుండానే పాతబడింది. అదే ఏడు చేసిన సవరణతోనే దస్తావేజుమీద ఫోటోలు, వేలిముద్రలు తప్పనిసరి అయినవి. మారువేషగాళ్ళను ఆపడంలో అది చేసిన మేలు ఇంతా అంతా కాదు.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ పత్రానికి విలువ ఇచ్చింది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 65బి అనే సెక్షను చేర్చి, కంప్యూటరు నుంచి తీసిన కాగితం కోర్టులో చెల్లాలంటే తగిన ధ్రువపత్రం ఉండాలన్నది. దీనిమీద సుప్రీంకోర్టు 2014లో ఒకసారి, 2020లో ఒకసారి గట్టిగా చెప్పవలసి వచ్చింది. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో ఇది 63వ సెక్షను. మనబోటివారు గుర్తుంచుకోవలసినది వేరొకటి ఉన్నది. సమాచార సాంకేతిక చట్టం మొదటినుంచీ కొన్ని పత్రాలను తన పరిధి నుంచి తప్పించింది. స్థిరాస్తి అమ్మకపు ఒప్పందం ఆ జాబితాలో ఉండేది, 2022లో దానిని తొలగించారు. వీలునామా మాత్రం నేటికీ ఆ జాబితాలోనే ఉన్నది. అంటే సెల్‌ఫోనులో మాట్లాడి రికార్డు చేసి ‘ఇదే నా వీలునామా’ అంటే కుదరదు. కాగితంమీద వ్రాసి, ఇద్దరు సాక్షులచేత సంతకాలు చేయించవలసిందే.

ఆ తరువాత వచ్చిన మార్పులు మీరు పత్రికల్లో చదివినవే. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రలో 2022 నాటి భూమి హక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేశారు. 2023లో కార్డు కొత్త రూపం వచ్చినప్పుడు, అసలు దస్తావేజు చేతికి ఇవ్వరట, జిరాక్సు కాగితమే ఇస్తారట అని ఊళ్ళలో గగ్గోలు పుట్టింది. రాజకీయం మనకొద్దు. కానీ ఆ గగ్గోలు ఉత్తదని నేను కొట్టివేయలేను. ఇనప్పెట్టెలో తాతగారి సంతకం ఉన్న కాగితం ఉంటేనే మన మనిషికి నిద్ర పడుతుంది. 1908 చట్టం స్థానంలో ఆన్‌లైను రిజిస్ట్రేషన్లకు వీలుగా కొత్త చట్టం ముసాయిదాను కేంద్రం 2025లో ప్రజాభిప్రాయానికి పెట్టింది.

వేలిముద్ర అన్నాను గనుక ఒక మాట. ఏటా మనం బ్రతికే ఉన్నామని ఋజువు చేసుకోవడానికి 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. మా ఆఫీసులో సిరా అద్దుకొని 100 మంది వేలిముద్రలు తీసినా ఒక్కరిదీ పడలేదనే మాట లేదు. ఇప్పుడు మన అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టదు. 2021లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి పెట్టారు గనుక కొంత నయం.

అసలు నా బెంగ 1983కు ముందరి వాల్యూముల గురించి. వాటిని ఫోటోతీసి కంప్యూటరులో పెట్టినంత మాత్రాన సరిపోతుందా? మన దేశంలో పత్రం ఒక వస్తువు నుంచి మరొక వస్తువుకు మారడం ఇది మొదటిసారి కాదు. తూర్పు చాళుక్యులు గ్రామాలు దానమిస్తూ ఎల్లలతో సహా రాగిరేకులమీద చెక్కించారు. కరణాలు తాటాకు కవిలెలమీద వ్రాశారు. కల్నల్ మెకంజీ ఊరూరా కైఫీయతులు సేకరింపజేసి 1821లో గతించాడు. ఆ కాగితాలు పాడైపోతుంటే సి.పి. బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి తిరిగి నకళ్ళు వ్రాయించాడు. మారిన ప్రతిసారీ పాత వ్రాత చదవగలిగినవాడు ఒకడు దగ్గర కూర్చున్నాడు. ఈసారి ఆ మనిషి కనపడటం లేదు.

పాత వాల్యూముల్లోనూ, దస్తావేజుల్లోనూ చాలావరకు గొలుసుకట్టు వ్రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి వ్రాసుకుపోవడం. నేను చేరిన కొత్తలో మా హెడ్డు గుమాస్తాగారు పాత నకళ్ళు ముందువేసి, ఆరునెలలపాటు రోజూ ఒక పుట చదివించారు. అదే మా బడి. 1984 జనవరిలో కరణాల ఉద్యోగాలు రద్దయినవి. దానితో ఊళ్ళలో గొలుసుకట్టు వ్రాసేవారు తగ్గారు, 1998 తరువాత ఆఫీసుల్లో నేర్చుకొనే అవసరమే పోయింది. ఏ పాఠశాలలోనూ, నాకు తెలిసిన ఏ శాఖాపరీక్షలోనూ దీనికి పాఠం లేదు. తెలుగుకు 1991లోనే యూనికోడులో చోటు దొరికింది, అచ్చు తెలుగును యంత్రం చదవడమూ నేర్చుకొన్నది. గొలుసుకట్టు దగ్గర అదీ తడబడుతున్నది, ఎం.ఏ. తెలుగు చదివిన మా మనుమరాలూ తడబడుతున్నది.

వ్రాతప్రతుల రక్షణకు 2003లో జాతీయ సంస్థను పెట్టారు. 2025 బడ్జెట్టులో జ్ఞానభారతం పేరున కోటికి పైగా వ్రాతప్రతుల సర్వే ప్రకటించారు. సంతోషమే. కానీ ఆ 2003 నాటి సంస్థ లెక్కలో రెవెన్యూ రికార్డులవంటివి వ్రాతప్రతుల క్రిందికి రావు, అవి చారిత్రక రికార్డులట, వేరు తరగతి. భారతం వ్రాసిన తాటాకుకు గౌరవం ఉన్నది, ఒక ఊరి ఆడపడుచుకు అరెకరం ఇచ్చిన నకలుకు లేదు. ఆ అరెకరం ఎవరిదో తేల్చేది మాత్రం ఆ నకలే.

కనుక మిత్రులకు నా మనవి. మీ ఇంట 1983కు ముందరి దస్తావేజులు ఉంటే వెనుకనున్న వాల్యూము, పుటల సంఖ్యలు చూసి ఒక పుస్తకంలో వ్రాసుకోండి. 1వ పుస్తకాన్ని ఎవరైనా రుసుము చెల్లించి చూడవచ్చును, ధ్రువీకరించిన నకలు కోరవచ్చును. 57వ సెక్షను ఆ హక్కు ఇచ్చింది. ఆ నకలు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. వాల్యూము పుటలు పొడిపొడిగా రాలకముందే ఆ పని చేయండి.

చదవడం రాకపోతే మన సంఘం ఆఫీసుకు తీసుకురండి. ప్రతి బుధవారం ఉదయం నేనూ, నాకన్నా 3 ఏళ్ళు పెద్దవారైన మరొక మిత్రుడూ అక్కడ ఉంటున్నాం. క్రిందటి వారం ఒక అమ్మాయి సెల్‌ఫోనులో 1941 నాటి భాగపరిష్కారం నకలు తెచ్చింది. రెండు వాటాల వారికీ ‘నూతి నీళ్ళు తోడుకొను హక్కు ఉమ్మడి’ అన్న పంక్తి దగ్గర వారింట నాలుగు నెలలుగా గొడవ నడుస్తున్నదట. ‘నూతి’ అన్న మాటను వారు ‘నాది’ అని చదివారు.