రాత్రి తీసిన రక్తం

ఫైలేరియా (బోదకాలు) యూనిట్లో పనిచేసినవాళ్ళకి రాత్రి ఎనిమిదిన్నర అంటే డ్యూటీ టైము. గోదావరి డెల్టాలో మా తరం ల్యాబ్ టెక్నీషియన్లం ఊళ్ళు తిరిగింది ఆ వేళప్పుడే. మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి, వేలికొస స్పిరిట్‌తో తుడిచి, సూదితో గుచ్చి, ఇరవై ఘనపు మిల్లీమీటర్ల రక్తం గాజు స్లైడు మీదికి తీసేవాళ్ళం. "పొలం నుంచి వచ్చి ఇప్పుడే పడుకున్నాడు, పగలొచ్చి తీసుకోకూడదా బాబూ" అని ఆడవాళ్ళు అడగని ఊరు లేదు. దానికి జవాబు చెప్పాలంటే చైనా దాకా వెళ్ళాలి.

మనిషి రక్తంలో ఫైలేరియా పురుగు పిల్లల్ని మొదట చూసింది కలకత్తాలో, 1872లో, తిమోతీ లూయిస్ అనే సైనిక డాక్టరు. ఐదేళ్ళ తర్వాత చైనా రేవు పట్టణం ఆమోయ్‌లో ప్యాట్రిక్ మాన్సన్, ఒంట్లో ఈ పురుగున్న తన తోటమాలిని దోమల చేత కుట్టించి, ఆ దోమల్ని కోసి చూశాడు. పురుగు పిల్లలు దోమ ఒంట్లో పెరుగుతూ కనిపించాయి. ఆ తర్వాత రాత్రింబవళ్ళు గంటల లెక్కన రక్తం పరీక్ష చేయించాడు. పొద్దుగుంకాక అవి రక్తంలోకి రావడం మొదలెడతాయి, అర్ధరాత్రికి మెండుగా ఉంటాయి, తెల్లారేసరికి దొరకవు. పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉంటాయి. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకంజీ ఒక రోగిని పగలు పడుకోబెట్టి రాత్రి మేలుకోబెడితే, కొన్నాళ్ళకి పురుగులూ తమ వేళ మార్చుకున్నాయి! మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుడుతుంది. అది కుట్టే వేళకే ఇవి చర్మం దగ్గరికి వస్తాయి. దోమలు చచ్చిపడిన నీళ్ళు తాగితే జబ్బు అంటుతుందని మాన్సన్ అనుకున్నాడు గానీ, కుట్టినప్పుడు దోమ మూతి నుంచే అంటుతుందని 1900లో జార్జ్ లో అనే ఆయన తేల్చాడు.

స్లైడు రాత్రంతా ఆరాలి. మూత ఉన్న పెట్టెలో పెట్టకపోతే చీమలూ బొద్దింకలూ రక్తం తినేస్తాయి. పొద్దున్న దాన్ని నీళ్ళలో ముంచితే ఎరుపు దిగిపోయి, మాసిన తెల్లటి పొర మిగులుతుంది. మన దేశంలోనే జస్వంత్ సింగ్, భట్టాచార్జీ తయారుచేసిన జె.ఎస్.బి. రంగు దానికి పట్టిస్తాం. మైక్రోస్కోపులో చిన్న లెన్సు చాలు. మిల్లీమీటరులో పావు వంతు పైచిలుకు పొడవు, పైన పల్చటి తొడుగు, ఒంటినిండా నీలం చుక్కలు, తోక చివర మాత్రం ఖాళీ. ఆ ఖాళీయే గుర్తు. కేరళ వైపు కనిపించే బ్రూజియా రకానికి తోక చివర కూడా రెండు చుక్కలుంటాయి. రాజమండ్రి ఫైలేరియా ట్రైనింగ్ సెంటర్లో మాకు మొదట నేర్పించింది ఆ తోక చూడటమే.

పురుగు దొరికినా, చాలాకాలం సరైన మందు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికన్ సైనికుల్లో వేలమందికి ఫైలేరియా అంటుకున్నాక గానీ అమెరికాలో మందు కోసం వెతుకులాట గట్టిగా సాగలేదు. న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీలో పరిశోధనకి పెద్ద ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. ఆయన కింద కెమిస్టు కుష్నర్ వాళ్ళు రసాయనాలు తయారుచేస్తే, హ్యూయిట్ వాళ్ళు ఫైలేరియా ఉన్న ఎలుకలకి ఇచ్చి చూశారు. అలా తేలినదే డైఇథైల్ కార్బమజీన్. 1947లో హెట్రజాన్ పేరుతో దాని సంగతి లోకానికి తెలిసింది, ఆ ఏడాదే ప్యూర్టోరికోలో రోగులకి ఇచ్చారు. మరుసటేడు ఆగస్టులో సుబ్బారావు పోయారు. ఆయన పుట్టిన జిల్లాలో బోదకాలు లేని వీధి మా చిన్నప్పుడు ఉండేది కాదు. ఆ వీధులకి మందు పంపింది ఆ జిల్లా బిడ్డే అని మా బళ్ళలో ఒక్క మాస్టారూ చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పాలి.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు ఈ మాత్రలు ఊరందరికీ పంచి చూశారు. జనం తిప్పికొట్టారు. మాత్ర వేసుకున్న రాత్రే జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వచ్చేవి. మందు వికటించిందనుకున్నారు. నిజానికి రక్తంలో పురుగు పిల్లలు చచ్చినప్పుడు వచ్చే జ్వరం అది. పురుగు లేనివాడికి సాధారణంగా రాదు. ఈ మాట ఎవరూ అరుగు మీద కూర్చుని విడమరిచి చెప్పకపోవడమే అసలు లోపమని నా నమ్మకం. పంపకం ఆగిపోయి, పని పట్టణాల మురుగుకాలవల్లో దోమపిల్లల మీదికీ, రాత్రి రక్తపరీక్షల మీదికీ మళ్ళింది. స్లైడులో పురుగు దొరికినవాళ్ళకి కిలో బరువుకి 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 రోజులు మాత్రలు.

మూడోరోజుకే మానేసిన ఒక రైతుని రాత్రి క్లినిక్కి పిలిచి, తాజా రక్తపు చుక్క ఆయన కంటి ముందే లెన్సు కింద పెట్టాను. ఎర్రకణాల్ని అటూ ఇటూ తోసుకుంటూ కొరడాలా మెలికలు తిరుగుతోంది పురుగు. చాలాసేపు కన్ను తియ్యలేదు. "ఇది నాదేనా అండీ?" అని అడిగి, మిగతా మాత్రలు అడిగి పట్టుకెళ్ళాడు. కాలు ఇంకా వాయని మనిషి ఆయన. ముదిరిన బోదకాలుని ఈ మందు తగ్గించలేదు. సబ్బుతో కడిగి, పుండు పడకుండా కాపాడుకోవడమే దానికి గతి. అందుకే వాపు రాకముందే పురుగుని పట్టాలని మా ఆత్రం.

2004లో మళ్ళీ ఏడాదికొకసారి అందరికీ ఈ మాత్రలివ్వడం మొదలైంది. రెండేళ్ళ లోపు పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుపడ్డవాళ్ళకీ తప్ప. పెద్దవాళ్ళకి 300 మిల్లీగ్రాములు. ఇది మంచి పని. కానీ చేతిలో పెట్టిన మాత్రా, మింగిన మాత్రా ఒకటి కావు. గూట్లో పెట్టిన మాత్రలు పండగకి ఇల్లు దులిపినప్పుడు బయటపడటం చాలా ఇళ్ళలో చూశాను. ఎదురుగా నిలబడి మింగించాలి. ఇప్పుడు పగలే వేలి రక్తంతో చూసే స్ట్రిప్పులు వచ్చాయి, అవి పెద్ద పురుగు ఆనవాలు పట్టిస్తాయి. మందు పనిచేశాక కూడా చాలాకాలం స్ట్రిప్పు మీద ఆ ఆనవాలు గీత పడుతూనే ఉండొచ్చు. ఆ మనిషి నుంచి దోమకి ఇంకా పురుగు అందుతోందా అని తేల్చాలంటే రాత్రి స్లైడే కావాలి. జబ్బు అదుపులోకి వచ్చిందనడానికి, నూటికి ఒకరికన్నా తక్కువమందిలో మైక్రోఫైలేరియా (ఆ పురుగు పిల్లలు) ఉందని చెప్పే లెక్క కూడా అలా తీసిన స్లైడుల నుంచే రావాలి. ఆ పని చేసే టెక్నీషియన్ పోస్టులు ఖాళీగా ఉంచొద్దని అధికారుల్ని అడుగుతూనే ఉన్నాను.