బంగారు మందు భీమవరం చేరిన దారి

పెద్దాపురం మరిడమ్మ తల్లి జాతర ఆషాఢమాసంలో జరుగుతుంది. ఆ నెలకూ ఆ తల్లికీ గల సంబంధాన్ని మా తరం వైద్యులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. గోదావరికి ఎర్రనీరు తగిలి, కాలువలకు కొత్తనీరు వదిలి, ఊరి చెరువులు కలకబారే రోజులవి. వాంతులు, విరేచనాలు ఇంటింటి తలుపూ తట్టే రోజులూ అవే. మన పెద్దల మాటలో మరిడి అంటే విషూచి, అనగా కలరా.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ డెల్టాకు అన్నం పెట్టింది. అయితే పొలం తడిపిన కాలువే తాగునీటి చెరువునూ నింపింది. అందులోనే స్నానాలు, అందులోనే గేదెలను కడగడం. ఒకరి పేగులలోని క్రిమి మరొకరి బిందెలోకి చేరడానికి ఇంతకన్నా సులభమైన మార్గం ఉండదు. ఆ క్రిములపై మనిషి చేసిన యుద్ధంలో ముఖ్యమైన ఆయుధం ఒకటి మన ప్రాంతపు మనిషి నడిపిన ప్రయోగశాల నుంచే వెలువడింది. ఆ ఆయుధం మొద్దుబారడం కూడా, విచిత్రంగా, అక్కడే మొదలయింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలో చదువుకున్నారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడవసారి గాని అందలేదు. ఆయన మద్రాసులో వైద్యవిద్య చదువుతున్న కాలంలో అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల వ్యవధిలోనే మరణించారు. కారణం 'స్ప్రూ' అనే పేగుల వ్యాధి, మన ఆయుర్వేదం సంగ్రహణి అని పిలిచే లక్షణసముదాయానికి దగ్గరిది. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణిస్తుంది. తరువాత ఆ వ్యాధి సుబ్బారావుగారికీ సోకింది. ఆయనను బతికించినది ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స. ఆ కృతజ్ఞతను ఆయన జీవితాంతం మోశారని నాకనిపిస్తుంది. ఎందుకంటే అమెరికా వెళ్ళి, హార్వర్డులో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారిన తరువాత ఆయన బృందం సాధించిన వాటిలో మొదటి వరుసలోనిది ఫోలిక్ ఆమ్లం. స్ప్రూలో రక్తహీనతను సరిచేసేది అదే.

అక్కడే ఆయన పర్యవేక్షణలో, డెబ్భై ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలను గాలిస్తుండగా, మిస్సోరీ విశ్వవిద్యాలయపు వ్యవసాయ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుంచి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది పెద్దన్న. పెన్సిలిన్‌కు లొంగని పేగుల క్రిములు ఎన్నో దీనికి లొంగాయి. పైగా సూది అక్కరలేదు, నోటితో మింగితే చాలు. 1948 జూలైలో దానిని లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు యాభైమూడు. స్వదేశానికి ఆయన మళ్ళీ రానేలేదు. నేటికీ స్ప్రూకు వైద్యులు రాసే చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. తోబుట్టువులను మింగిన వ్యాధికి ఒక మందు ఆయన గూటి నుంచే వచ్చింది, రెండవదాని కుటుంబమూ అక్కడే మొదలయింది.

ఇక్కడితో కథ ఆగిపోతే ఎంత బాగుండును! అదే లెడర్లీలో థామస్ జూక్స్, ఫోలిక్ ఆమ్లం పనిలో సుబ్బారావుగారికి సహచరుడైన రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోళ్ళ పోషణపై పరిశోధన చేస్తున్నారు. బి12 విటమిన్ కోసం వెతుకుతూ ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టారు. పిల్లలు ఊహించినదానికన్నా త్వరగా ఎదిగాయి. కారణం పిప్పిలో మిగిలిన మందేనని తేలింది. 1950లో ఈ సంగతి బయటకు రాగానే మేతలో యాంటీబయాటిక్ కలపడం ఒక పరిశ్రమ అయింది. జబ్బు లేని ప్రాణికి, జబ్బును నయం చేయలేనంత చిన్న మోతాదులో, బతికినంతకాలం మందు! క్రిములకు ప్రతిఘటన నేర్పాలనే సంకల్పంతో ఒక బడి పెట్టినా ఇంతకన్నా చక్కగా నడపలేము.

అదే దశాబ్దంలో జపానులో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా క్రిమి వైద్యులను నివ్వెరపరచింది. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్, నాలుగింటికీ ఒకేసారి లొంగని రకాలు కనబడ్డాయి. ఒకదాని తరువాత ఒకటిగా ఇన్ని మార్పులు ఒకే క్రిమిలో ఎలా కలుగుతాయి? 1959లో ఒచియాయ్, అకిబా అనే శాస్త్రవేత్తలు వేరువేరుగా సమాధానం కనుగొన్నారు. ప్రతిఘటన లక్షణాలు ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయంపై మూటగట్టి ఉంటాయి. ఆ మూటను ఒక క్రిమి పక్కనున్న క్రిమికి అందిస్తుంది; ఇచ్చేది ఇ.కోలై, పుచ్చుకునేది షిగెల్లా అయినా సరే. మన పేగు కోటానుకోట్ల క్రిములు పక్కపక్కన కూర్చునే సంత. జలుబుకని అనవసరంగా మింగిన గొట్టం మాత్ర ఆ సంతలో ఎవరికి లాభిస్తుందో మీరే ఊహించవచ్చు.

1970లలో బోస్టనుకు చెందిన స్టువర్ట్ లెవీ ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన మేతను ఒక కోళ్ళఫారంలో పెట్టించి చూశారు. వారం తిరిగేసరికి కోళ్ళ పేగులలోని క్రిములు దాదాపు అన్నీ ఆ మందుకు లొంగనివయ్యాయి. కొన్ని నెలలకు, మందు ముట్టని ఆ ఫారం కుటుంబీకుల పేగులలోనూ అవే రకాలు హెచ్చాయి.

టైఫాయిడ్ సంగతీ చెప్పాలి. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చి ఆ జ్వరాన్ని లొంగదీసింది. 1972లో మన పొరుగున కోళికోడ్‌లో దానికి లొంగని టైఫాయిడ్ చెలరేగింది. 1990 ప్రాంతానికి యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ కూడా చేతులెత్తేశాయి. సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చి కొన్నాళ్ళు ఆదుకుని అదీ నీరసించింది. ఆపైన సెఫ్ట్రియాక్సోన్ సూదులు. 2016లో సింధు రాష్ట్రంలో ఆ సూదికీ లొంగని రకం పుట్టింది; అది మోసుకొచ్చిన ప్లాస్మిడ్ ఇ.కోలైలో ఉండే వాటి వంటిదే. జపాను వారు చెప్పిన మూటే మళ్ళీ చేతులు మారింది.

ఈ పాపంలో నా వాటా లేదనను. పిల్లల నీళ్ళవిరేచనాలలో అధికభాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. 1971లోనే బొంగావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటితో కలరా రోగులను బతికించి చూపారు. అది చదివి కూడా నేను నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన మాత్రలు ఎన్నో రాశాను. రాయకపోతే రోగి వీధి చివరి ఆర్.ఎం.పి. దగ్గరికి వెళతాడని నాకు నేను సర్దిచెప్పుకునేవాడిని. వైడాల్ పరీక్ష కాస్త పాజిటివ్‌గా కనబడగానే టైఫాయిడ్ అని తేల్చేయడమూ అటువంటిదే. రక్తం కల్చర్ చేయించిన సందర్భాలు వేళ్ళపై లెక్కపెట్టవచ్చు.

ఇక భీమవరం. వరిచేలు చెరువులయ్యాయి. చేపకూ రొయ్యకూ మేతలో ఆక్సీటెట్రాసైక్లిన్ వచ్చి చేరింది. అంటే ఆరియోమైసిన్‌కు స్వయానా తమ్ముడు, సుబ్బారావుగారి పుట్టినూరికి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాళ్ళు దొరికాయని ఐరోపా మన రొయ్యలను తిప్పిపంపినప్పుడు గాని కలకలం రేగలేదు. తినేవాడు పరాయివాడైతే పరీక్ష ఉన్నది. చెరువుల నీరు డ్రెయిన్లలో పడి యనమదుర్రు గుండా సముద్రానికి పోతుంది. ఆ గట్టున నివసించేవారికి ఆ పరీక్ష లేదు. 2019లో కోళ్ళకూ చేపలకూ కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం నిషేధించింది. అన్ని మందులూ విఫలమైన రోగికి మా చేతిలో మిగిలే ఆఖరి సూది అది. అంతవరకూ అది మేతలో కలుస్తూ వచ్చింది.

కిందటి వేసవిలో రొయ్యల చెరువున్న మా మేనల్లుడు ఫోను చేశాడు.

"మావయ్యా, రొయ్యకి తెల్లమచ్చ తగిలిందండి. ఏ యాంటీబయాటిక్ కొట్టమంటారు?"

తెల్లమచ్చ వైరస్ వల్ల వస్తుందనీ, దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదనీ చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు.

"అలాగాండీ! మేతల కొట్టాయన ఇచ్చాడండి. పొద్దున్నే కలిపేశాం."