మాయ దాటిన మాత్ర

1957 అక్టోబరు 1న పశ్చిమ జర్మనీ మందుల షాపుల్లోకి ‘కాంటెర్గాన్’ అనే నిద్రమాత్ర వచ్చింది. అందులోని మందు థాలిడోమైడ్. డాక్టరు చీటీ లేకుండానే అమ్మారు. ఎక్కువ మింగినా ప్రాణం పోదని పేరు రావడంతో వేవిళ్లతో సతమతమయ్యే గర్భిణులూ వాడారు. కడుపులో బిడ్డ సంగతి ఎవరూ సరిగా పరీక్షించలేదు. మాయ బిడ్డను కాపాడుతుందని అప్పటి వైద్యుల్లో చాలామందికి నమ్మకం. నిజానికి ఆ నమ్మకం 1941లోనే సడలాల్సింది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్లలో శుక్లాలతో పుట్టవచ్చని సిడ్నీ కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్ ఆ ఏడాదే చూపించాడు. సూక్ష్మజీవి దాటిన మాయను మందు దాటదా? ఈ ప్రశ్న వేసుకోకపోవడమే అసలు తప్పు అంటాను.

చేతులు, కాళ్లు కురచగా, కొందరికి భుజాల దగ్గరే వేళ్లతో పిల్లలు పుట్టసాగారు. హాంబుర్గ్ పిల్లల వైద్యుడు విడుకింట్ లెంజ్ తల్లులను కలిసి, ఏమేం మింగారో అడిగి తెలుసుకున్నాడు. సిడ్నీలో విలియం మెక్‌బ్రైడ్‌కూ అదే అనుమానం కలిగింది. 1961 నవంబరు చివర జర్మనీలో అమ్మకం ఆగింది. అప్పటికే పలు దేశాల్లో పదివేలకు పైగా పిల్లలు దెబ్బతిన్నారు. గర్భం నిలిచాక సుమారు 20 నుంచి 36 రోజుల మధ్య వేసుకున్న మాత్రే ఇంత పని చేసింది. నెల తప్పిందని తల్లికి అప్పుడప్పుడే తెలిసే రోజులవి!

అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి, కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, భద్రతకు ఆధారాలు చాలవంటూ అనుమతి ఇవ్వలేదు. ఆమె పట్టుదల ఎందరో పిల్లలను కాపాడింది. 1962లో అక్కడ మందుల చట్టాన్ని కట్టుదిట్టం చేశారు.

అంతటితో కథ ముగియలేదు. గర్భస్రావం కాకుండా ఇచ్చిన డీఈఎస్ అనే హార్మోను, ఏళ్ల తరవాత కొందరు కూతుళ్లకు అరుదైన క్యాన్సర్ తెచ్చిందని 1971లో తేలింది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్‌కూ, బిడ్డ వెన్నులోపానికీ ఉన్న సంబంధం 1982లోనే ఫ్రాన్సులో బయటపడింది. ఆ మందు వాడిన తల్లులకు పుట్టే పిల్లల్లో దాదాపు పది మందిలో ఒకరికి పుట్టుకతో లోపాలుంటాయి. అయినా చాలామంది తల్లులకు ఈ మాట దశాబ్దాల పాటు చేరలేదు. ఇది క్షమించరానిది.

అలాగని భయపడి మందు మానేయడం అంతకంటే ప్రమాదం. మూర్ఛ మాత్ర హఠాత్తుగా ఆపితే తల్లి ప్రాణానికే ముప్పు. కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడే, నెల తప్పకముందే, వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. మార్చాల్సినవి ఆయన మారుస్తారు, మీరు మాత్రం సొంతంగా ఏదీ ఆపకండి.