మట్టి గొట్టం ఖిస్సా

మా పిల్లోడికి మెటల్ డిటెక్టర్ షౌక్ పట్టుకుంది. ఇంగ్లండ్‌లో మేముండేది ష్రాప్‌షైర్‌లో. పక్కింటి ముసలాయన ఓ రైతు ఇజాజత్ తీసుకుని మా ఇద్దర్నీ దున్నిన పొలానికి తీసుకెళ్లాడు. మూడు గంటలు తిరిగితే దొరికిన ఖజానా రెండు గుండీలు, ఓ గుర్రపు నాడా ముక్క. పిల్లోడి ముఖం చిన్నబోయింది. అప్పుడే నా కాళ్ల దగ్గర తెల్లగా ఏదో కనపడింది. సుద్దముక్కేమో అనుకున్నా. తీసి చూస్తే మధ్యలో సన్నటి రంధ్రం.

"పొగ తాగే మట్టి పైపు గొట్టం అది. దీనికి మెషీన్ అరవదు, కళ్లే వెతకాలి" అన్నాడు ముసలాయన. ఇంకో గంటలో పదకొండు ముక్కలు ఏరాం.

పొలంలోకి ఇన్నెలా వచ్చాయి? వెనకటి రోజుల్లో ఊళ్లోని బూడిద, పెంట, చెత్త అంతా బండ్లకెత్తి ఎరువుగా తోలేవాళ్లు. విరిగిన పైపులూ అందులోనే పోయేవి. దున్నేవాడి నోట్లోంచి జారినవి కొన్ని ఉండే ఉంటాయి.

తెల్ల బంకమట్టిని పాముతారు, తీగ గుచ్చి రంధ్రం చేస్తారు, అచ్చులో నొక్కి ఆవంలో కాలుస్తారు. మాకు దగ్గర్లోని బ్రోజ్లీ ఊరు ఈ పనికి మష్‌హూర్. 1950ల దాకా అక్కడ పైపులు చేశారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా ఈ మెహనత్‌లో ఉండేవాళ్లు. కొన్ని పైపుల అడుగున ముద్ర ఉంటుంది. అది కార్ఖానా యజమానిది. అతుకులు గీకి నున్నగా చేసిన ఆడమనిషి పేరు ఎక్కడా ఉండదు.

పొగాకు మహాగా ఉన్న తొలి రోజుల్లో పైపు గిన్నె వేలికొస కూడా పట్టనంత చిన్నది. ధర దిగేకొద్దీ గిన్నె పెరిగింది, గొట్టంలో రంధ్రం సన్నబడింది. 1954లో హారింగ్టన్ అనే అమెరికా పరిశోధకుడు ఈ రంధ్రాలు కొలిచి కాలం చెప్పొచ్చన్నాడు. డ్రిల్ బిట్లు చాలు. మావాటిలో ఎక్కువ వాటికి 7/64 అంగుళం బిట్ సరిపోయింది. ఆయన లెక్కలో అది 1650-1680 మధ్య కాలం. నిజానికి పదకొండు ముక్కలతో తీర్పు చెప్పకూడదు, కానీ దిల్ ఆగదు కదా! అప్పటికి గోల్కొండలో కుతుబ్‌షాహీలే ఉన్నారు. ఇంగ్లీషువాళ్లు మన మచిలీపట్నంలో బట్టల తిజారత్ చేసుకుంటున్నారు.

పొగాకు మీద బాద్‌షాలకు ముందు నుంచీ అనుమానమే. 1604లో ఇంగ్లండ్ రాజు జేమ్స్ దాన్ని తిడుతూ కితాబే రాశాడు, పన్ను అమాంతం పెంచాడు. దాదాపు ఆ రోజుల్లోనే అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పొగాకు తెచ్చి అక్బర్ దర్బార్‌లో పెట్టాడు. హకీం వద్దన్నా అక్బర్ రెండు దమ్ములు లాగి చూశాడట. జహంగీర్ 1617లో ఫర్మాన్ ఇచ్చి మనా చేశాడు. ఎవరు విన్నారు?

నన్ను ఆపేసిన సాల్ మాత్రం 1619. ఆ ఏడే లండన్ పైపుల కారీగర్లకు రాజు చార్టర్ ఇచ్చాడు. ఆ ఏడే ఆఫ్రికా మనుషుల్ని ఓడలో తెచ్చి వర్జీనియాలో అమ్మారు. తర్వాతి రోజుల్లో అక్కడి పొగాకు తోటల్లో చాకిరీ చేసింది అలాంటి గులాములే. నా చేతిలోని గొట్టంలో కాలిన ఆకు బహుశా వాళ్లు కోసిందే.

వర్జీనియా. ఈ మాట నేను మొదట విన్నది మా నానీమా నోట. ఆ విత్తనమే గత శతాబ్దంలో మా గుంటూరు వైపు వచ్చింది. బ్యారన్‌లో కాలిన ఆకును రంగును బట్టి వేరు చేసే గ్రేడింగ్ పనిలో ముప్పై ఏళ్లు చేసిందామె. ఎంత కడిగినా వేళ్లకు ఆ మరక పోయేది కాదు. రోటీ ముక్క తుంచి నోట్లో పెడితే చేదుగా ఉండేది. రాత్రిళ్లు దగ్గు. ఆమె పొగ ఎప్పుడూ తాగలేదు.

ఇంటికొచ్చి ముక్కలు కడిగాను. ఒకదాని చివర పంటిగాటు ఉంది. పిల్లోడు "అబ్బా, ఎవరిది?" అన్నాడు. డబ్బాలో పెట్టి చిట్టీ మీద పొలం పేరు, తారీఖు రాశాను. తర్వాత అమ్మీకి ఫోన్ చేసి, నానీమా ఏ కంపెనీలో చేసేదని అడిగాను.

"పేరేం ఉందో గుర్తులేదు బేటా. పొగాకు కంపెనీ అనేవాళ్లం."